పాలకేంద్రానికి పన్నెండు వందల పేజీలు

మొన్న పొద్దున పాలకేంద్రం ముందు మీరేం చూశారో చెప్పండి. క్యాన్ల వరస ఒక్కటే చూశారా, లోపలి తెలివి కూడా చూశారా?

చెంచయ్య, మాలకొండయ్య, పేరయ్య అన్నదమ్ములు. కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తారు. పది ఊళ్ళ బుర్ర తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. పాలు తూచి చీటీ ఇచ్చే ప్రోగ్రాం రాయమని కేంద్రం పెద్ద వెంగమాంబ అడిగితే, అదేం చెయ్యాలో ముందు కాగితం మీద పెట్టమన్నారు. దాన్ని స్పెసిఫికేషన్ అంటారట. ఆవిడ ఒక్క ముక్క రాసిచ్చింది: అంకమ్మ నాలుగు లీటర్లు తెస్తే నాలుగని చీటీ రావాలి.

అంతే. మర్నాడు అంకమ్మకు చీటీ వచ్చింది. వరసలో వెనకున్న కోటమ్మకు రాలేదు.

"కాగితంలో నువ్వు లేవు పిన్నీ," అన్నాడు చెంచయ్య.

ఆ మర్నాడు అంకమ్మే అయిదు లీటర్లు తెచ్చింది. ఒక లీటరు మళ్ళీ గేదెకే తాగించి రమ్మన్నారు.

వెంగమాంబ తల పట్టుకుంది. ఏడింటికి ట్యాంకరు వెళ్ళిపోతే, చీకటితో లేచి పితికిన ఆడవాళ్ళ గతేమిటని కేకలేసింది. ఏదీ వదలకుండా రాసుకోమంది.

ఇంకేముంది. గేదెల పేర్లు రాశారు, కొమ్ముల వంపులు రాశారు, వానొస్తే గొడుగు ఏ చేత్తో పట్టాలో రాశారు. పన్నెండు వందల పేజీలు. ఆ పుస్తకం ఎప్పుడూ కాటా మీదే ఉండాలని ఏడో పేజీలో రాసుకున్నారు కనక అక్కడే పెట్టారు. ఇక క్యాను పెట్టడానికి చోటేదీ? వరసంతా ఎండలో నిలబడింది.

"ఒరే, ఇదెందుకు రాశార్రా?" అంది వెంగమాంబ.

"ప్రోగ్రాం ఏం చెయ్యాలో తెలియడానికి అత్తా."

"పాలు తీసుకోవాలని ఉందా అందులో?"

ముగ్గురూ మొదటి పేజీ నుంచి వెతికారు. లేదు. ఈలోపు ట్యాంకరు వెళ్ళిపోయింది, పాలు విరిగిపోయాయి. అంకమ్మ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు.

తప్పు దిద్దుకోవాలని ముగ్గురూ అక్కడికక్కడే ఇంకో పేజీ కలిపారు. ఎదురుగా ఉన్న క్యానులోకి తొంగి చూసి, ఓ చుక్క నాకి, ఉన్నది ఉన్నట్టు రాశారు: పాలు తీసుకోవాలి, పాలంటే ముక్కలు ముక్కలుగా, పుల్లగా ఉండేవి.

మర్నాడు అంకమ్మ నురగ తగ్గని పాలు తెచ్చింది. పేరయ్య వేలు ముంచి నాకాడు.

"ఇవింకా పాలు కాలేదు పిన్నీ. ఎండలో పెట్టి సాయంత్రం పట్రా."

బయట ట్యాంకరు హారన్ కొడుతోంది. క్యాను పట్టుకుని అంకమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమెకు మీరేం చెబుతారు?