ముళ్ళు దించుకున్న సూదమ్మ

అనగనగా ఒక రాళ్ళ అడవి ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే అక్కడి వాగు ఎండిపోయి ఒట్టి ఇసుక మిగిలేది. ఆకులన్నీ రాలిపోయి చెట్లు బోసిగా నిలబడేవి. అప్పుడిక అడవి మొత్తానికీ నీళ్ళు ఒక్కచోటే దొరికేవి. ఎక్కడంటారా? వాగు ఇసుకలో తవ్విన చెలమలో.

చెలమంటే తెలుసు కదా? ఇసుకలో లోతుగా గుంట తవ్వితే అడుగునుంచి నీరు మెల్లగా ఊరుతుంది. అదే చెలమ. మరి దాన్ని తవ్వేదెవరు? బొరియల్లో ఉండేవాళ్ళు. ముళ్ళపంది, అలుగు, ఉడుము, ముంగిస. ఎండలు ముదరగానే వాళ్ళంతా వచ్చి గోళ్ళు అరిగేదాకా తవ్వేవాళ్ళు. తీరా నీరు కనపడ్డాక ఏం చేసేవాళ్ళో చెప్పనా? వెనక్కి వెనక్కి నడుస్తూ, తమ అడుగుల గుర్తులు ముందుకాళ్ళతో తుడిచేసుకుంటూ, దూరంగా ఉన్న ఎర్రరాయి అవతలికి వెళ్ళిపోయేవాళ్ళు.

ఎందుకంటే అది అడవిదున్నలు పెట్టిన కట్టుబాటు. బొరియల వాళ్ళ మూతి తగిలితే నీళ్ళు మైలపడతాయట! తవ్వడానికి వాళ్ళ గోళ్ళు కావాలి. తాగడానికి వాళ్ళ మూతులు మాత్రం పనికిరావు. ఎంత చక్కటి న్యాయమో చూశారా!

దున్నలు కడుపునిండా తాగేవి. గిట్టలతో చెలమను తొక్కి కలియబెట్టేవి. ఆ మడ్డి నీళ్ళు దిగువకు జారితే, సాయంత్రానికి బొరియల వాళ్ళు వెళ్ళి వాటిని తాగేవాళ్ళు. ముక్కు మూసుకుని మరీ తాగేవాళ్ళు.

వాళ్ళలో సూదమ్మ అని ఒక ముళ్ళపంది ఉండేది. కిందటి ఎండాకాలం ఆ మడ్డి నీళ్ళు తాగే ఆమె ఒక్కగానొక్క బిడ్డ కడుపునొప్పితో మెలికలు తిరిగి ప్రాణం వదిలింది. అప్పటినుంచి సూదమ్మ బొరియలో మాట్లాడడానికి మనిషి లేదు. అదేలెండి, ముళ్ళపంది లేదు. నవ్వకండి, పాపం.

ఆ ఏడు చెలమ తవ్వడం అయిపోగానే అందరూ ఇసుక తుడుస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టారు. సూదమ్మ మాత్రం మామూలుగా, ముందుకే తిరిగి నడిచింది. ఆమె అడుగులు ఇసుకలో అలాగే ఉండిపోయాయి.

"అయ్యో సూదమ్మక్కా, తుడవడం మరిచిపోయావు!" అంది ముంగిస చుక్కమ్మ.

"మరిచిపోలేదు. ఇక నేను తుడవను. రేపు పొద్దున్నే ఎర్రరాయి దాటి వెళ్ళి, నీళ్ళు తాగనివ్వమని అడుగుతాను. నెట్టేస్తే వెనక్కి వస్తాను. మర్నాడు మళ్ళీ వెళ్తాను. మనందరినీ తాగనిచ్చేదాకా వెళ్తూనే ఉంటాను."

ఉడుము బండన్నకు ఒళ్ళు మండింది. "ఒంటినిండా అన్ని ముళ్ళు పెట్టుకుని బతిమాలడమేంటి చెల్లీ? నాలుగు గుచ్చావంటే దెబ్బకు దారికొస్తారు!"

"ఇవాళ వాళ్ళు మనల్ని భయపెట్టి తాగుతున్నారు. రేపు మనం వాళ్ళని భయపెట్టి తాగుతాం. అప్పుడు కూడా ఆ చెలమ దగ్గర ఎవరో ఒకరు వణుకుతూనే ఉంటారు కదన్నా. నాకు అలాంటి నీళ్ళు వద్దు."

మర్నాడు పొద్దున బొరియల వాళ్ళంతా ఆమె వెంట వెళ్ళారు. అడవిదున్నల పెద్ద నల్లదొర వాళ్ళని చూసి కళ్ళెర్రజేశాడు.

"ఎవర్రా అది? రాయి దాటారేం?"

"నీళ్ళు తాగడానికొచ్చాం దొరా. తవ్వింది మేమే కదా" అంది సూదమ్మ.

నల్లదొర పకపకా నవ్వాడు. నవ్వు ఆపి కొమ్ముతో ఒక్క విసురు విసిరాడు. సూదమ్మ దొర్లుకుంటూ పోయి రాయి అవతల పడింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ముళ్ళపందికి భయం వేస్తే ముళ్ళు వాటంతటవే లేస్తాయి. లేపాలని లేపదు, లేచిపోతాయి. వాటిని దించడం ఎంత కష్టమో ముళ్ళపందికే తెలియాలి. సూదమ్మ పొట్టను ఇసుకకు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, "దిగండమ్మా, దిగండి. మీకు దణ్ణం పెడతాను, దిగండి" అని ముళ్ళను బతిమాలుకుంది. చాలాసేపటికి అవి దిగాయి. అప్పుడు లేచి దుమ్ము దులుపుకుని ఇంటికి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చింది.

రోజులు గడిచాయి. ఎండలు మండిపోతున్నాయి. వెంట వచ్చేవాళ్ళు తగ్గుతూ వచ్చారు.

ముందు చుక్కమ్మ మానేసింది. "పిల్లల తల్లినక్కా. ఆ కొమ్ములు నాకు తగిలితే వాళ్ళ గతేంటి?" అంది. సూదమ్మ సరేనని తలూపింది. పిల్లల సంగతి ఆమెకు తెలియనిదా?

తర్వాత బండన్న మానేశాడు. వెళ్తూ వెళ్తూ, "నీది ఓర్పు కాదు, పిరికితనం. దానికి మంచి పేరు పెట్టుకున్నావంతే" అనేసి పోయాడు. ఆ మాట సూదమ్మకు కొమ్ము దెబ్బకంటే ఎక్కువ నొప్పెట్టింది.

ఆఖరికి అలుగు పొలుసయ్య తాత మిగిలాడు. ఒకరోజు ఆయన కూడా ఎర్రరాయి దగ్గర ఆగిపోయాడు. "ఓపిక లేదే తల్లీ. నా జీవితంలో ఇది మారుతుందన్న ఆశ కూడా లేదు. ఏమీ అనుకోకు" అన్నాడు. ఉండలా చుట్టుకుని అక్కడే పడుకున్నాడు.

ఇక సూదమ్మ ఒక్కతే అయింది.

పొద్దున్నే ఒక్కతే లేచేది. ఒక్కతే నడిచేది. దెబ్బలు తిని ఒక్కతే తిరిగొచ్చేది. దారిలో బొరియల వాళ్ళు ఎదురైతే ముఖం చాటేసేవాళ్ళు. కోపంతో కాదు, సిగ్గుతో. కానీ చూసేవాళ్ళకు రెండూ ఒకేలా ఉంటాయి కదా. ఎలా ఉన్నావని అడిగే గొంతు కోసం ఆమె మొహం వాచిపోయింది. ఒక్కోసారి తన అడుగుల చప్పుడుకే, ఎవరో వస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసేది. ఎవరూ ఉండేవారు కాదు.

మరి ఎందుకు వెళ్ళేదంటారా? తవ్వేవాళ్ళకు ఒక నమ్మకం ఉంటుంది. చెలమ తవ్వేటప్పుడు ముందు పొడి ఇసుకే వస్తుంది. మూరెడు తవ్వినా పొడి ఇసుకే. అప్పుడు ఆపేస్తే ఇంక అంతే. నీరు కింద ఉందని నమ్మితేనే గోరు కదులుతుంది. సూదమ్మ రోజూ బయల్దేరే ముందు ఇసుకకు చెవి ఆనించి, "ఉన్నావా తల్లీ?" అని అడిగేది. "ఉన్నాను" అన్నట్టు అనిపించేది. కొన్ని రోజులు ఏమీ అనిపించేది కాదు. ఆ రోజుల్లో బొరియలోకి తిరిగి వెళ్ళిపోయి పడుకోవాలనిపించేది. ఏడుపొచ్చేది. ఏడ్చుకుంటూనే వెళ్ళేది.

అలా ఉండగా ఒక పొద్దున పెద్ద పొరపాటు జరిగింది. సూదమ్మ చెలమ ముందు నిలబడి, "తాగనివ్వండి దొరా" అని అడుగుతోంది. నల్లదొర మనవడు, చిన్న దున్నదూడ, ఆటకు వెనకనుంచి గంతులేస్తూ వచ్చి ఆమె మీద పడింది. సూదమ్మ ఉలిక్కిపడింది. ముళ్ళు ఝల్లుమని లేచిపోయాయి! ఒక ముల్లు దూడ మూతిలో దిగిపోయింది. అది అంబా అని అరుస్తూ పరుగెత్తింది.

అంతే, దున్నలన్నీ బెదిరిపోయాయి. నల్లదొర కూడా నాలుగడుగులు వెనక్కి వేశాడు. చెలమ చుట్టూ ఒక్కరంటే ఒక్కరు లేరు.

పొదలోంచి నక్క ఒకటి తల బయటపెట్టి, "ఇంకేం సూదమ్మా! ఇన్నాళ్ళకు తెలివి తెచ్చుకున్నావు. దారి దొరికింది, తాగు. ఇకమీదట నువ్వు వస్తున్నావంటే చాలు, పారిపోతారు" అంది.

రాయి అవతలినుంచి బండన్న కూడా కేక పెట్టాడు. "తాగు చెల్లీ, తాగు!"

సూదమ్మ నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. మూతి వంచింది. ఎన్నాళ్ళ దాహమో! తేటనీరు జానెడు దూరంలో ఉంది. ఆ నీళ్ళలో తన నీడ కనపడింది. ముళ్ళన్నీ లేచి ఉన్నాయి. ఆమెకు తనని చూసి తనకే భయం వేసింది.

"దిగండమ్మా" అంది మెల్లగా. అవి దిగేదాకా ఆగింది. నీళ్ళు ముట్టుకోకుండా వెనక్కి తిరిగి, దూడ ఉన్న చోటికి నడిచింది.

తల్లిదున్న కొమ్ములు అడ్డం పెట్టింది. "అడుగు ముందుకేశావంటే పొడిచేస్తాను!"

"గుచ్చడానికి రాలేదమ్మా. తియ్యడానికొచ్చాను. అది మూతిలో ఉంటే నీ బిడ్డ నీళ్ళు కూడా తాగలేదు. నా ముల్లు ఎలా తియ్యాలో నాకే తెలుసు. నేనూ ఒక బిడ్డను పోగొట్టుకున్నదాన్నే, నన్ను నమ్ము."

తల్లిదున్న కొమ్ములు దించి పక్కకు జరిగింది. సూదమ్మ దూడ మూతి మీదికి వంగి, ముల్లును పళ్ళతో పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. రక్తం నాకి శుభ్రం చేసింది. "నాదే తప్పయింది నాన్నా" అంది. తర్వాత వెళ్ళి ఎర్రరాయి అవతల, రోజూ తను పడే చోటే కూర్చుంది.

బండన్న తల బాదుకున్నాడు. "చేతికందిన దాన్ని కాలదన్నుకుంది!" బొరియల వాళ్ళంతా ఆమెను పిచ్చిదన్నారు. ఆ రోజు సూదమ్మ ఉన్నంత ఒంటరిగా ఆ అడవిలో ఎవరూ ఉండి ఉండరు. ఇటు దున్నలకూ కాని, అటు తనవాళ్ళకూ కాని బతుకైపోయింది. ఆమె చేసింది మంచిదేనా? ఏమో, ఆమెకూ తెలియలేదు. కానీ ముళ్ళతో తెరుచుకున్న దారిలో మాత్రం నడవాలనిపించలేదు.

మర్నాడు దున్నల భయం పోయింది. సూదమ్మ అడగడానికి వెళ్ళగానే నల్లదొర ఎప్పటిలాగే ఆమెను కొమ్ముతో నెట్టేశాడు. ఆమె దొర్లుకుంటూ పోయింది.

అప్పుడు దూడ, "తాతా" అంది. "నిన్న ఆవిడ మూతి నా మూతికి తగిలింది. మరి నేనూ మైలపడ్డట్టేనా?"

నల్లదొర గతుక్కుమన్నాడు. "నోరు మూసుకుని తాగు."

"లేదు తాతా, కట్టుబాటంటే కట్టుబాటేనన్నావుగా. ఆవిడ తాగకూడదంటే నేనూ తాగకూడదు."

దూడ బుడిబుడి అడుగులతో వెళ్ళి ఎర్రరాయి అవతల సూదమ్మ పక్కన కూర్చుంది. నల్లదొర పిలిచాడు, రాలేదు. బెదిరించాడు, ససేమిరా అంది. తల్లిదున్న చెలమ దగ్గరనుంచి తల ఎత్తింది. "నా బిడ్డ తాగని నీళ్ళు నాకెందుకు?" అంటూ తనూ వెళ్ళి కూర్చుంది. మధ్యాహ్నానికి మరో ఇద్దరు తల్లులు వెళ్ళారు. మర్నాటికి ఇంకొందరు, సాయంత్రానికి మిగిలినవాళ్ళూ. రాయి అవతల కూర్చున్న వాళ్ళని చూసి, పొలుసయ్య తాత ఉండ విప్పుకుని, లేచి, సూదమ్మ వెనక వచ్చి కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున చెలమ నిండుగా ఉంది. దాని పక్కన నల్లదొర ఒక్కడే నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరి తోడూ లేకుండా నీళ్ళు తాగడం ఆయనకు అదే మొదటిసారి. రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్క తాగబుద్ధి కాలేదు.

"సరే!" అని గర్జించాడు. "ఆ సూదమ్మ ఒక్కతే తాగొచ్చు. ఆమె ఒక్కతే!"

అందరూ ఆమె వైపు చూశారు.

"నేనొక్కదాన్నే తాగాలనుకుంటే మొన్ననే తాగేదాన్ని దొరా" అంది సూదమ్మ. గొంతులో కోపం లేదు. అరిచేంత ఓపికా లేదు. "మా వాళ్ళందరూ తాగాలి. మీరు కూడా మా పక్కనే నిలబడి తాగాలి. మీమీద నాకు పగ లేదు. మీకు దాహమైతే బాగుండునని నేనెప్పుడూ కోరుకోలేదు."

నల్లదొర రాయి వైపు తిరిగాడు. మనవడి మూతి మీద ఆరిన గాయం కనపడింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తప్పయిందని చెప్పడం ఆయనకు రాదు, పెద్దవాళ్ళలో చాలామందికి రాదు. దారికి అడ్డం నిలబడిన ఒళ్ళు మాత్రం పక్కకు జరిగింది. "తాగండి" అన్నాడు, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా. అయినా అందరికీ వినపడింది.

బొరియల వాళ్ళు తలలు వంచుకుని వచ్చారు. చుక్కమ్మ ముందు తన పిల్లల్ని పంపింది. బండన్న సూదమ్మ ఎదుట నిలబడి, "చెల్లీ, ఆ వేళ నేనన్న మాట..." అని నసిగాడు. "ముందు తాగన్నా, తర్వాత మాట్లాడుకుందాం" అందామె. ఎవరూ గిట్ట కానీ గోరు కానీ నీళ్ళలో పెట్టకూడదని ఆ రోజే అనుకున్నారు. గట్టు మీదినుంచే వంగి, ఒకరి తర్వాత ఒకరు తాగి వెళ్ళారు.

తాగినవాళ్ళు తాగినట్టు ఇళ్ళకు పోయారు. సంతోషంలో సూదమ్మ ఇంకా తాగలేదన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. అందరూ వెళ్ళాక ఆమె ఒక్కతే చెలమ దగ్గరికి వచ్చింది. అడవి అంతా తాగగా అడుగున మిగిలిన నీళ్ళలోకి తొంగి చూసింది. కింద ఇసుక రేణువులు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి. చిట్టచివరి వాళ్ళకు మిగిలిన నీరు కూడా తేటగానే ఉంది.

సూదమ్మ వంగి తాగింది. తాగుతూ వెక్కి వెక్కి ఏడ్చింది.

నీతి: చేతనైనా ఎదుటివారిని నొప్పించకుండా, తోడెవరూ లేకున్నా నమ్మిన దారిని వదలకుండా, ప్రతిరోజూ వెళ్ళి నిలబడే ఓర్పే చెడ్డ కట్టుబాటును మారుస్తుంది.