పరుగుల రేవు దగ్గర రాయి

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, మణిగిరి రాజు కేసరిభూపాలుడికి పొరుగు రాజ్యపు రాళ్ళు రుచించాయి. వియ్యాలవారి ఊరికి వెళ్ళివస్తూ దారిపొడుగునా చూశాడు. ఇక్కడ ఫలానా రాజు గెలిచెను, ఇక్కడ ఫలానా రాజు చెరువు తవ్వించెను అని బాట పక్కన చెక్కిన రాళ్ళు. కోటకు రాగానే, "మన బాటకేం తక్కువ? మనకూ చరిత్ర ఉంది. నిలబెట్టండి రాళ్ళు," అన్నాడు.

ఆ పని ఆస్థానకవి భైరవభట్టు మీదేసుకున్నాడు. చరిత్ర ఉన్నచోట రాయి పాతడం ఎవరైనా చేస్తారు. భట్టు రాయి పాతినచోటల్లా చరిత్ర మొలిచేది. ఒకచోట "మహారాజు తుమ్మగా వాన కురిసెను" అని రాయించాడు. తుమ్మింది శ్రావణమాసంలో గనక ఊరివాళ్ళు కాదనలేకపోయారు. ప్రతి పద్యం కింద తన పేరు పెద్దక్షరాలతో చెక్కించుకోవడం మాత్రం మరిచేవాడు కాదు.

ఊరివాళ్ళను అడగడం దేనికంటారా? ఆ సీమలో రాయికో కట్టడి ఉంది. ముందు ఎర్రటి జేగురుమట్టితో రాస్తారు. ఊరిపెద్ద రాతిమీద చెయ్యివేసి "ఇది నిజం" అన్నాకే ఉలి పడుతుంది. అడుగున గాడిద బొమ్మ మాత్రం ముందే చెక్కి ఉంటుంది. అబద్ధానికి చెయ్యివేసినవాడు మరుజన్మలో గాడిదై పుడతాడని దాని అర్థం. అది తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు.

రాళ్ళ వరస పరుగుల రేవుకు చేరింది. తన తాత వ్యాఘ్రభూపాలుడు యుద్ధం చేసిన చోటని రాజు స్వయంగా వచ్చాడు. వెంట మాచన ఉన్నాడు. రాజుకు తాంబూలం చుట్టి ఇవ్వడం అతని కొలువు. కోపమొచ్చినప్పుడు ఆ నోటికి సమయానికి ఆకు అందించి చాలామంది తలలు కాపాడాడని పేరు.

భట్టు రాగం తీసి చదివాడు. "ఈ రేవున వ్యాఘ్రభూపాలుడు పదివేల శత్రువులను పరుగెత్తించెను. అందుకే ఇది పరుగుల రేవు."

ఊరిపెద్ద నూకమ్మ ఆ రేవులో పడవ నడుపుతుంది. ఆమె చెయ్యి కొంగులోనే ఉంచుకుంది.

"పరుగు నిజమే మారాజా. పరిగెత్తినోరు ఎవరన్నదే తేడా."

"అంటే?"

"తాతగారు ఒక్కరే పరిగెత్తుకుంటా వచ్చారంట. మా ముత్తవ్వ ఆయన్ని పడవలో పడుకోబెట్టి, పైన చేపల బుట్టలు బోర్లించి, అవతలి ఒడ్డుకి దాటించింది. ఆ పుణ్యానికే ఈ రేవు మాకిచ్చారు. మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిన ముచ్చటే."

రాజు ముఖం జేగురు రంగుకు తిరిగింది. భట్టు అందుకున్నాడు. "ఏలినవారి వంశాన్ని చేపల బుట్ట కింద పెట్టిన నోరిది ప్రభూ. రేవు లాక్కోండి."

"చెయ్యి వేస్తావా, రేవు వదులుతావా?" అన్నాడు రాజు.

వెనక నిలబడ్డ పడవలవాళ్ళ ముఖాలు పాలిపోయాయి. రేవు పోతే వాళ్ళకు తిండి లేదు. నూకమ్మ గాడిద బొమ్మను చూసింది, తన పడవను చూసింది. చెయ్యి లేవలేదు. నిజం చెప్పినందుకు నోటికాడి కూడు పోవడం ఏం న్యాయం అనుకున్నాడు మాచన. అనుకున్నది పైకి అనకుండా ఆకు చుట్టి రాజుకు అందించాడు.

"ప్రభూ, పద్యం పొడుగై ఆమెకు అందలేదేమో. ఒక్క వాక్యం నన్ను రాయనివ్వండి."

రాజు ఆకు నములుతూ కాస్త మెత్తబడ్డాడు. "నేను చదివితే ఛాతీ పొంగాలి. ఈవిడ వింటే చెయ్యి వెయ్యాలి. రెండూ జరిగితే రేవు వాళ్ళదే. జరక్కపోతే రేవుతోపాటు నీ కొలువూ పోతుంది. ఒప్పుకుంటే రాయి."

"రాయి ముందు నిలబెట్టి రాయి అంటే రాయకేం చేస్తాను?" అంటూ మాచన భట్టు పద్యం తుడిచేశాడు. జేగురుతో రాసి, గట్టిగా చదివాడు.

"ఈ రేవున జరిగిన యుద్ధంలో వ్యాఘ్రభూపాలుని ముఖం చూడగలిగిన శత్రువు ఒక్కడూ లేడు."

రాజు మీసం దువ్వాడు. "అదీ మా తాత అంటే. ఆ తేజస్సు అలాంటిది."

నూకమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పెదవి చాటున నవ్వు దాచుకుంది. కొంగులోంచి రెండు చేతులూ తీసి రాతిమీద ఆన్చింది. "నిజం మారాజా. ఇంతకంటే నిజం లేదు."

భట్టుకు ఒళ్ళు మండిపోయింది. తన పద్యం తుడిచి తాంబూలంవాడి మాట చెక్కడమా? "ఇది మోసం ప్రభూ. ముఖం చూడలేదంటే వీపు చూశారని. తాతగారు వెన్ను చూపి పారిపోయారని దీని భావం."

మాచన మరో ఆకుకు సున్నం రాశాడు.

"నేను ముఖం గురించే రాశాను ప్రభూ. వీపు మాటెత్తింది భట్టుగారు."

రాజు భట్టువైపు తిరిగాడు. "ఈవిడ అలా అన్నందుకేగా రేవు లాక్కోమన్నావు? మరి మా తాత పారిపోయాడని నీకెవరు చెప్పారు?"

"అందరికీ తెలిసిందే కదా ప్రభూ..." అనేసి భట్టు నాలుక కరుచుకున్నాడు.

"తెలిసే పదివేలమందిని రాశావా?" రాజు చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది.

అడ్డుపడింది నూకమ్మే. "కోప్పడకండి మారాజా. ఆనాడు తాతగారు పరిగెత్తబట్టే కదా, ఈనాడు తమరు మా రేవుకి నడిచొచ్చారు."

రాజు ఆగాడు. రాతిమీది మాట మళ్ళీ చదివాడు. ఈసారి రెండు అర్థాలూ కనిపించాయి. నవ్వు ముందు మీసంలో కదిలింది, ఆ పైన పొట్ట పట్టుకునేదాకా వచ్చింది. "వ్యాఘ్రభూపాలుడట, చేపల బుట్ట కిందట," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

రేవు నూకమ్మవాళ్ళకే ఉండిపోయింది. రాజు చేతి కడియం మాచన చేతికి మారింది. భట్టుకు మాత్రం కొత్త కట్టడి పడింది. ఇకమీద తాను రాసిన ప్రతి రాతిమీదా ముందు తానే చెయ్యివేసి నిజమనాలి.

భట్టు గాడిద వంక చూశాడు. "ప్రభూ, ఈ బొమ్మ మరీ మోటుగా ఉంది. ఇకనుంచి తీసేయిస్తే బాగుంటుందేమో."

మాచన తాంబూలప్పెట్టె మూత వేశాడు.

"అలా ఎలా భట్టుగారూ? మీ పేరు చదవడం రానివాళ్ళు, పద్యం మీదేనని మరి దేన్నిబట్టి గుర్తుపడతారు?"

రేవంతా గొల్లున నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది రాజే.