బోర్లించిన కప్పు

ఆస్ట్రేలియా ఉత్తరాన, ఎర్రమట్టి బయళ్ల మధ్య ఒక పశువుల మేతభూమిలో ధర్మారావు అనే గైడు ఉండేవాడు. మంచి పనివాడే కాని, తనకు గుర్తున్నదంతా నిజమేనని గట్టిగా నమ్మేవాడు.

అతనిది కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డు. జీపులు, నీటి మోటార్లు బాగుచేసే పనికని భార్య నూకరత్నంతో ఆ దేశం వెళ్లాడు. ఆ భూమిలో అడవిపందులు విపరీతంగా పెరిగిపోయి, పశువులు తాగే మడుగులన్నిటినీ పెళ్లగించి బురద చేసేవి. వాటిని తగ్గించడానికి భూమి యజమాని దూరదేశాల నుంచి విలువిద్య నేర్చినవాళ్లను రప్పించేవాడు. అక్కడ తుపాకీ పేలకూడదు. విల్లు, బాణాలు మాత్రమే. వచ్చినవాళ్లను తెల్లవారుతూనే జీపులో తీసుకెళ్లి మాటుల్లో కూర్చోబెట్టడం, ఎండ ముదరకముందే తిరిగి తీసుకురావడం ధర్మారావు పని. వాళ్లకు వండిపెట్టడం నూకరత్నం పని.

మాటు అంటే మడుగుకు కాస్త దూరంలో కొమ్మలు, గడ్డి కప్పిన చిన్న పందిరి. లోపల ఒక కుర్చీ పడుతుంది. గాలి మడుగు మీదుగా వచ్చి వేటగాడి ముఖానికి తగలాలి. వీపుకు తగిలిందా, మనిషి వాసన పందికి ముందే చేరిపోతుంది. అందుకే గాలి మారితే మాటు కూడా మార్చాల్సి వచ్చేది. ధర్మారావు ప్రతి ఒక్కరికీ ఒకటే మాట చెప్పేవాడు. నేను వచ్చేదాకా కుర్చీ వదలొద్దు, పక్క మాటువాళ్ల బాణం ఎటు వస్తుందో తెలియదు. ఎంత దాహమైనా నీటి అంచుకు పోవద్దు, అక్కడ మొసళ్లు ఉంటాయి. మొసలి మీకు కనబడదు, మీరే దానికి కనబడతారు.

నూకరత్నం వంట పందిట్లో ఒక పలక కొట్టి, దానికి మేకులు దిగేసింది. వచ్చిన ప్రతి మనిషికీ ఒక రేకు కప్పు. కప్పు చెవికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం. వేటకు వెళ్లేవాళ్లు తమ కప్పును మేకు మీంచి తీసి బల్ల మీద బోర్లించి వెళ్లాలి. తిరిగొచ్చాక ఎవరి కప్పు వాళ్లే ఎత్తి, టీ తాగి, కడిగి, మేకుకు తగిలించాలి. ఒకరి కప్పు మరొకరు ముట్టుకోకూడదు. ఆమె తల్లి, చేపల వేటకెళ్లిన పడవ తిరిగొచ్చేదాకా మొగవాళ్ల కంచాలు బోర్లించి ఉంచేదట. బోర్లించిన కంచం ఉందంటే ఆ మనిషి ఇంకా నీళ్ల మీదే ఉన్నాడని లెక్క.

ధర్మారావుకు ఇది నవ్వులాటగా ఉండేది.

"మనుషుల్ని గుర్తుపెట్టుకోవడానికి కప్పులెందుకే? నా తలకాయ లేదూ?" అన్నాడు ఒకసారి.

"ఉంది. దాన్ని మేకుకు తగిలించలేం కదయ్యా," అన్నది నూకరత్నం.

నిజానికి అతని జ్ఞాపకశక్తి గొప్పదే. ఏ మడుగు దగ్గర ఏ ఏడాది ఎంత పెద్ద పంది పడిందో, కొట్టినవాడు ఏ దేశంవాడో అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. అది తప్పిన సందర్భం లేదు కనుక, తప్పుతుందన్న ఊహ కూడా అతనికి లేదు.

ఆ వేసవిలో డెన్మార్క్ నుంచి ఆర్నే అనే పెద్దాయన వచ్చాడు. పడవలు చేసే వడ్రంగి. పని మానేసి చాలాకాలమైంది. వెంట కూతురు లీనా, మరో ఇద్దరు స్నేహితులు. ఆర్నేకు నూకరత్నం అంటే ఇష్టం. మీ ఊళ్లో పడవకు ఏ కర్ర వాడతారు, కీళ్లకు ఏం పూస్తారు అని రోజూ అడిగేవాడు. ఆయన చెప్పిన మాట వినే మనిషి. పడవ మీద పెరిగినవాడు కనుక, దారి తెలిసినవాడు కూర్చోమంటే కూర్చోవాలి, లెమ్మంటే లేవాలి అని ఆయనకు ఒంటబట్టింది.

వచ్చిన కొద్ది రోజులకు ఒక పొద్దున ఆర్నేకు ఎండదెబ్బకు కళ్లు తిరిగాయి. ధర్మారావు ఆయనను అందరికన్నా ముందే విడిదికి తెచ్చేశాడు. గుడారంలో కూర్చోబెట్టి, బూట్లు విప్పడానికి తానే సాయం చేశాడు. ఒక బూటు రాక లాగితే, ఆర్నే వెల్లకిలా పడి పకపకా నవ్వాడు. తండ్రికి తోడుగా వచ్చేసిన లీనా ఆయన సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి తానూ నవ్వింది. ఆయన అన్నం కూడా తినకుండా సాయంత్రం వరకు పడుకున్నాడు. ఏమీ తాగకుండా నిద్రపోయాడని నూకరత్నం కోప్పడి, మజ్జిగ తాగించింది.

మరునాడు ఆర్నే హుషారుగా లేచాడు. నీలం దారం కట్టిన కప్పును బల్ల మీద బోర్లించి, జీపు ఎక్కాడు. ధర్మారావు మిగిలినవాళ్లను దించి, చివరగా ఆయనను రోజూ కూర్చునే మాటు దగ్గరకు తీసుకెళ్లాడు. గాలి మారి ఉంది. వీపుకు తగులుతోంది. వెంటనే ఆయనను మళ్లీ జీపెక్కించి, దూరంగా మరో మాటుకు చేర్చాడు. మార్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు గుర్తుంటుంది కదా అనుకున్నాడు.

ఆ పొద్దున లీనా తన జీవితంలో మొదటి పందిని కొట్టింది. అది మామూలు పంది కాదు, బలిసిన మగది. దాన్ని జీపులోకి ఎత్తడానికే అందరూ చెమటలు కక్కారు. ఫొటోలు తీసుకున్నారు. స్నేహితులిద్దరూ లీనాను భుజాల మీద ఎత్తుకున్నారు. ఆ సందడిలో ఎండ ఎక్కిపోయింది. జీపు కదలబోతుండగా లీనా, నాన్నను ఎక్కించుకోవాలి కదా అని అడిగింది.

"ఆయనను ముందే విడిదిలో దింపేశాను. గుడారంలో పడుకుని ఉంటారు," అన్నాడు ధర్మారావు.

అతను అబద్ధం చెప్పలేదు. అతని కళ్ల ముందు ఆ దృశ్యం స్పష్టంగా ఉంది. మంచం అంచున కూర్చున్న ఆర్నే, ఎర్రమట్టి అంటిన బూట్లు, ఆ నవ్వు. అంతా నిజంగా జరిగిందే. కాని జరిగింది నిన్న. జ్ఞాపకం పొరపడినప్పుడు గొంతు మార్చి చెప్పదు. నిజం చెప్పినప్పుడు ఎలా చెబుతుందో, అప్పుడూ అలాగే చెబుతుంది.

విడిదికి వచ్చాక లీనా తండ్రి గుడారం వైపు చూసింది. తెర దించి ఉంది. నిద్ర చెడగొట్టడం ఎందుకని, చప్పుడు చేయకుండా తిరిగొచ్చేసింది. మిగతావాళ్లు టీ తాగి తమ కప్పులు తగిలించి వెళ్లాక ధర్మారావు వంట పందిట్లోకి వచ్చి, బల్ల మీద నీలం దారం కప్పు ఒక్కటే బోర్లించి ఉండటం చూశాడు. చూసి నవ్వుకున్నాడు. పెద్దాయనకు మతిమరుపు వచ్చింది అనుకుని, దాన్ని తీసి మేకుకు తగిలించాడు.

నూకరత్నం వెనక నుంచి బియ్యం గిన్నెతో వచ్చేసరికి కప్పులన్నీ మేకులకే ఉన్నాయి.

"అందరూ వచ్చేశారా?" అని అడిగింది.

"చూడు, నీ కప్పులే చెబుతున్నాయిగా," అన్నాడు ధర్మారావు.

అందరూ తిని పడుకున్నారు. ఆర్నేకు ఒక పళ్లెంలో తీసి మూతపెట్టమని లీనా చెప్పింది. అక్కడి మధ్యాహ్నం ఎంత వేడంటే, జీపు తలుపు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. పక్షి కూడా కూయదు. విడిదంతా నిద్రపోయింది.

పొద్దు కాస్త వాలాక నూకరత్నం లేచి, నిన్నటిలాగే పెద్దాయన ఏమీ తాగకుండా పడుకుని ఉంటాడని మజ్జిగ కలిపి తీసుకెళ్లింది. తెర ఎత్తింది. మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి పొద్దున తాను మడిచి పెట్టినట్టే, మూలలు కలిపి, తలగడ కింద దోపి ఉంది. బూట్లు లేవు. విల్లు లేదు. ఆ దుప్పటి మడత ఏం చెబుతోందో ఆమెకు వెంటనే అర్థమైంది.

ఆమె వచ్చి భర్తను లేపింది.

"ఏమయ్యా, ఆర్నే గారిని నువ్వే తీసుకొచ్చావా?"

"నేనే. బూట్లు కూడా నేనే విప్పాను."

"ఆ దుప్పటి నేను పొద్దున మడిచినట్టే ఉంది."

నూకరత్నం కప్పుల పలక వైపు చెయ్యి చూపింది.

"నీలం దారం కప్పు ఎవరు తగిలించారు?"

అతను బూట్ల సంగతి మళ్లీ తలుచుకున్నాడు. బూటు లాగాడు. ఆయన పడి నవ్వాడు. గుమ్మంలో లీనా సంచి పట్టుకుని నిలబడి ఉంది. లీనా నిలబడి ఉంది. కాని ఈ పొద్దున లీనా పంది దగ్గర ఉంది కదా. ఆ పిల్ల రెండు చోట్ల ఎలా ఉంటుంది?

అతను లేచి జీపు వైపు పరుగెత్తాడు. ఆ మాటల్లో తండ్రి పేరు విని లీనా బయటికి వచ్చి, ఆయన ఖాళీ మంచం చూసింది. ఏడవలేదు, అరవలేదు. ఎక్కడ అని మాత్రం అడిగింది.

ముగ్గురూ జీపులో ఆర్నే రోజూ కూర్చునే మాటుకు వెళ్లారు. కుర్చీ ఖాళీగా ఉంది. దాని చేతుల మీద సాలెగూడు కట్టి ఉంది. అక్కడ ఆ రోజు ఎవరూ కూర్చోలేదు. అప్పుడు ధర్మారావుకు, గాలి మారిందని ఆయనను తీసుకెళ్లిన సంగతి గుర్తొచ్చింది. ఎక్కడికి తీసుకెళ్లాడో గుర్తు రాలేదు. ఆ భూమి నిండా మాటులే. ఒక మడుగుకూ మరో మడుగుకూ మధ్య ఎంతో దూరం. కళ్లు మూసుకుంటే ప్రతి మాటులోనూ ఆర్నేయే కూర్చుని కనబడ్డాడు. ఇన్నాళ్లూ అడిగిందల్లా ఇచ్చిన తలకాయ, ఒక్కటి అడిగితే అన్నీ ఇస్తోంది.

నూకరత్నం అతని భుజం పట్టుకుని కుదిపింది.

"తలకాయను అడక్కు. గాలిని అడుగు. పొద్దున ఎటు నుంచి వీచింది?"

జవాబు లీనా చెప్పింది. బాణం వేసేముందు గాలి చూడటానికి తాను పౌడరు ఊదానని, అది పొద్దు పొడిచే వైపు నుంచి వచ్చి తన ముఖాన పడిందని. తూర్పు గాలి. అయితే వేటగాడు పడమటి గట్టున కూర్చోవాలి. పడమటి గట్టున, ఆ పొద్దున మిగతావాళ్లెవరూ కూర్చోని మాటు, పొడుగు మడుగు అని పిలిచే చోట ఒక్కటే ఉంది. ధర్మారావు జీపును బాట వదిలి తుప్పల మీదుగా ఉరికించాడు.

ఆర్నే అక్కడే ఉన్నాడు. కుర్చీలోనే ఉన్నాడు. విల్లు ఒడిలో అడ్డంగా ఉంది. నీళ్ల సీసా ఖాళీగా కాళ్ల దగ్గర పడి ఉంది. ముఖం ఇటుకలా ఎర్రబడింది, కాని చెమట చుక్క లేదు. పెదవులు పగిలి నెత్తురు ఎండిపోయింది. ఎదురుగా, పిలిస్తే పలికేంత దూరంలో మడుగు తళతళ మెరుస్తోంది. మాటుకూ మడుగుకూ మధ్య మట్టిలో ఒక్క అడుగు ముద్ర కూడా లేదు. నీళ్లను చూస్తూ, ఆ దాహంతో, ఆయన పొద్దుట నుంచి అలాగే కూర్చున్నాడు.

లీనా ఆయన ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని పిలిచింది. ఆయన ఆమెను మర్యాదగా చూసి ఏదో అడిగాడు. లీనా ఆ మాటను వాళ్లిద్దరికీ తిప్పి చెప్పింది. నువ్వెవరి అమ్మాయివి అని అడిగాడట.

తరువాత ఆయన చూపు ధర్మారావు మీద పడింది. అతన్ని గుర్తుపట్టాడు. నాలుక తిరగకపోయినా, ఒక్కొక్క మాట కూడదీసుకుని చెప్పాడు.

"మీరు వచ్చేదాకా కదలొద్దన్నారు. కదల్లేదు."

అందులో నిష్ఠూరం లేదు. అప్పగించిన పని సరిగ్గా చేశానని చెప్పినట్టు చెప్పాడు.

తడిబట్టలు చుట్టి, నీడకు చేర్చి, రేడియోలో వైద్యులను పిలిచారు. చిన్న విమానం ఎర్రమట్టి రేపుకుంటూ దిగింది, తండ్రినీ కూతురినీ ఎక్కించుకుని ఎగిరిపోయింది. ధర్మారావు ఆ దుమ్ములో నిలబడి ఉన్నాడు. నూకరత్నం పందిట్లోకి వెళ్లి, మేకుకున్న నీలం దారం కప్పును తీసి, బల్ల మీద మళ్లీ బోర్లించింది.

ఆర్నే బతికాడు. చాలాకాలం ఆసుపత్రిలో ఉండి, సొంత దేశం వెళ్లాడు. ఆ తరువాత ఒకరోజు లీనా ఫోను చేసింది. నాన్న నడుస్తున్నారని, తనను గుర్తుపడుతున్నారని, కాని చేతులు వణుకుతున్నాయని, ఇక విల్లు పట్టలేరని చెప్పింది. ఆ రోజు జరిగింది మాత్రం ఆయనకు బొత్తిగా గుర్తు లేదట. పడవల సంగతులు మాట్లాడే ఆవిడ దగ్గర నుంచి మధ్యలో ఎందుకు వచ్చేశామని అడుగుతున్నాడట.

ధర్మారావు ఫోను అందుకుని, నన్ను క్షమించమని మీ నాన్నగారికి చెప్పమ్మా అన్నాడు.

"ఏమని చెప్పను? ఆయనకు గుర్తే లేదు," అన్నది లీనా. "గుర్తున్నది మనకే."

యజమాని ధర్మారావును గైడు పని నుంచి తీసేశాడు. అతను ఎదురు చెప్పలేదు. మళ్లీ మోటార్లు బాగుచేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. షెడ్డు వరకు వెళ్లినా తన కప్పు బోర్లించి వెళ్లేవాడు. మోటారు ఆపావా, గేటు వేశావా, ఫలానా మనిషి వచ్చాడా అని ఎవరు ఏమడిగినా, ఎంత బాగా గుర్తున్నా సరే, వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. "ఉండండి, చూసి చెబుతాను," అని లేచేవాడు. ఎండలో అంత దూరం నడిచి వెళ్లి, చూసి, తిరిగొచ్చి, అప్పుడు చెప్పేవాడు.

ఒక మనిషి క్షేమం గురించి అడిగినప్పుడు, ఎంత స్పష్టంగా గుర్తున్నా జ్ఞాపకాన్ని నమ్మి జవాబు చెప్పకూడదు. లేచి వెళ్లి, కళ్లతో చూసి చెప్పాలి.