తొలి రొట్టె

అనగా అనగా, జొన్న తప్ప మరో గింజ ఎరగని ఒక మెట్ట సీమ. ఆ సీమలో బాట పక్కనే ఓబుళమ్మ ఇల్లు. ఆకలితో వచ్చినవాడు ఆ గడప ముందు నుంచి ఉత్త చేతులతో పోయింది లేదు.

ఆ ఇంటికి కామాక్షి కోడలై వచ్చింది. వరి పండే ఏటిగట్టు ఊరి పిల్ల. ఆమె పుట్టింట్లో అన్నం వార్చగానే తొలి గరిటె దేవుడిది, లేదా దేవుడిలా వచ్చిన అతిథిది. ఇంటివాళ్లు ఆ తరువాతే.

కొత్త కోడలి చేతులు కాలతాయని ఓబుళమ్మ ఆమెను పెనం దగ్గరికి రానివ్వలేదు. కామాక్షి పిండి విసిరేది, నీళ్లు మోసేది, దూరం నుంచి అన్నీ చూసేది. ఒకనాడు ఒక జంగమయ్య వచ్చాడు. అత్త తొలి రొట్టె తన కంచంలో వేసుకుని, రెండోది ఆయనకు పెట్టింది. మరోనాడు గొర్రెల కాపరి వచ్చాడు. అప్పుడూ అంతే. మూడోసారి, రెండు రోజులుగా తిండి లేని ఒక ముసలమ్మ వచ్చి కూలబడింది. తొలి రొట్టె మళ్లీ అత్త కంచంలోకే పోయింది. కామాక్షికి ఒళ్లు మండింది.

"ఏందత్తా ఇది? అతిథికి పెట్టాల్సింది ముందు నువ్వు వేసుకుంటావా?" అని ముసలమ్మ ఎదుటే అడిగేసింది.

ఓబుళమ్మ పొయ్యిలో నిప్పులు ఎగదోసింది. "నా వంతు నేను తింటాండా, వాళ్ల వంతు వాళ్లకు పెడతాండా. అంతే బిడ్డా," అంది. ముసలమ్మకు ఇంకో రొట్టె తట్టడానికి పిండి ముద్ద తీసుకుంది.

ఆనాటి నుంచి కామాక్షి అత్తతో మనసు విప్పి మాట్లాడటం మానేసింది. పుట్టింటికి పోయినప్పుడల్లా, మా అత్త అతిథి కంటే ముందు తనే వడ్డించుకుంటుందని చెప్పుకుంది. ఏటిగట్టు ఊరంతా నమ్మింది. నమ్మక ఏం చేస్తారు, వాళ్లూ అన్నం వండుకునేవాళ్లే కదా.

రెండేళ్లకు ఓబుళమ్మ జ్వరంతో కన్నుమూసింది. దినాలు కాగానే కామాక్షి మొదటిసారి పెనం ముందు కూర్చుంది. గడప ముందు ఒక బాటసారి ఎదురుచూస్తున్నాడు. పెనం ఇంకా సరిగ్గా కాగలేదు. తొలి రొట్టె అతుక్కుంది, చిరిగింది, ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా మిగిలింది. దాన్ని అతని చేతిలో పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. రెండోది నిండుగా పొంగింది. అది అతనికి పెట్టింది.

చెడిన రొట్టె తన కంచంలో వేసుకుని కొరికింది. పచ్చి పిండి గొంతు దిగలేదు. అన్నంలో తొలి గరిటె మేలైనది, రొట్టెల్లో తొలిది ఎప్పుడూ ఇంతే. ఇన్నేళ్లూ అత్త రోజూ తిన్నది ఇదే. కామాక్షి కంచం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తరువాత ఏటిగట్టు ఊరికి పోయి, మా అత్త మహాతల్లి, తప్పు నాదేనని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ తలలూపారు. వినవలసిన ఒక్క మనిషి మాత్రం లేదు.

కనుక పిల్లలూ, ఒకరి కంచం వైపు వేలు చూపే ముందు, ఆ కంచంలో ఏముందో దగ్గరికి పోయి చూడాలి.