ముక్కులో పూసల ఇల్లు

ఒక పిల్లవాడి ముక్కులో, కంటికి కనబడనంత చిన్న కణంలో నాంచారమ్మ కాపురం. మొగుడు సింగరయ్య పూసలు గుచ్చుతాడు. పిల్లలు తలా ఒక రకం పూస మోసుకొస్తారు. ఆ పూసల దండలే ప్రోటీన్లు. ఏ పూస తర్వాత ఏ పూసో పెద్దగదిలోని తాతయ్య చీటీ రాసి పంపుతాడు. మూడక్షరాలకు ఒక పూస.

"రాసింది రాసినట్టు చేస్తాం. ఇంత బుద్ధిమంతులు ఈ ఒంట్లో ఇంకెవరున్నారే!" అని సింగరయ్య మీసం దువ్వేవాడు. నాంచారమ్మ మురిసిపోయేది.

ఒకరోజు తాతయ్య కేకేశాడు. "ఒరేయ్ సింగా, జలుబు పురుగు తిరుగుతోంది! చీమిడి దండ గుచ్చి గడపకు కట్టు. లేకపోతే ఇల్లు కూలిపోతుంది!"

నాంచారమ్మ వాకిట్లోకి పరుగెత్తింది. పిల్లలు పూసల కోసం తలో దిక్కూ తిరుగుతున్నారు మరి!

చీటీ వస్తూ వస్తూ దారిలో ఒక అక్షరం రాలిపోయింది.

"ఏమయ్యా, ఒకటి తగ్గినట్టుంది," అంది నాంచారమ్మ.

"తగ్గితే పక్కదాన్ని లాక్కుంటా. మూడేసి చదవడమే మన పని!"

ఇంకేముంది, అక్కడినుంచి ప్రతి మూడూ తప్పే. తప్పులో తప్పుగా మధ్యలో 'చాలు' అనే మాట వచ్చింది. అంతే, దండ సగంలో తెంచేశాడు. జిగటగా ఉండాల్సింది చేంతాడులా తయారైంది. పురుగు దాన్నే పట్టుకుని లోపలికెక్కింది.

"మామయ్యా, నాకో పూసల చొక్కా," అని తన చీటీ ఇచ్చింది.

"వీడు దొంగయ్యా!" అంది నాంచారమ్మ.

"అయితేనేం? 'మొదలుపెట్టు' అని ఎంత పద్ధతిగా రాశాడో చూడు!"

అంతే, చొక్కా మీద చొక్కా. వాటిని తొడుక్కుని కొత్త పురుగులు లేచాయి. గోడలు ఉబ్బాయి.

"ఆపరా!" అన్నాడు తాతయ్య.

"నోటిమాట చెల్లదు తాతా, రాసివ్వు."

తాతయ్య 'చాలు' అని రాశాడు.

"మొదలుపెట్టనిది ఎలా ఆపను?"

తాతయ్య పళ్ళు కొరుక్కుంటూ 'మొదలుపెట్టు, చాలు' అని రాశాడు. సింగరయ్య 'మొదలుపెట్టు'కు ఒకే ఒక పూస గుచ్చి చేతిలో పెట్టాడు. "ఇదిగో, ఆపేశాను. ఇక జరుగు, చొక్కాల పనుంది."

గోడలు ఫెళఫెళమన్నాయి. నాంచారమ్మ గుండెలు బాదుకుంది. "నాయనలారా, ఇల్లు కూలుతోంది! గట్టిగా పట్టుకోండర్రా!"

పిల్లలు బుద్ధిగా ఎవరి పూసను వాళ్ళు రెండు చేతులా పట్టుకున్నారు.

హాచ్! పిల్లవాడు తుమ్మాడు. ఇల్లూ వాకిలీ, తాతయ్యా, పురుగులూ అంతా గాల్లోకి లేచిపోయారు. నాంచారమ్మ పల్టీలు కొడుతూనే పిల్లలను వెతికి చూసుకుంది. కళ్ళు చెమర్చాయి.

"చూశావటయ్యా మన పెంపకం! ఒక్కడైనా పూస జారనిచ్చాడా?"