పై కిటికీ గొలుసు

భ్రమరాంబ గారు ఏదడిగినా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. నలభై ఏళ్ళుగా ఇళ్ళకి ప్లాన్లు గీస్తున్న మనిషి. శిష్యులు ప్రశ్న వేస్తే చాలు, ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి రమ్మనేది. వెళ్ళొచ్చినవాళ్ళు మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తింది లేదు.

ఆ మే నెలలో శిష్యురాలు రమీజా ఆవిడ దగ్గరికి కంగారుగా వచ్చింది. నాపరాళ్ళ మీద కాలు మోపలేని పల్నాటి ఎండల్లో, దిక్కులేని ముసలివాళ్ళ కోసం ఎనిమిది గదులు కట్టింది ఆ పిల్ల. మొదటి గదిలో అచ్చమ్మ అనే ఎనభై ఏళ్ళావిడ పది రోజులుగా ఉంటోంది. మర్నాడు మరో ఏడుగురు దిగబోతున్నారు.

"కరెంటు పోయినా వేడి నిలవకూడదని గోడ మీద, కప్పుకి దగ్గరగా కిటికీ పెట్టాను మేడమ్. గొలుసు లాగితే తెరుచుకుంటుంది, వేడిగాలి బయటికి పోతుంది. రోజూ సాయంత్రం వెళ్ళి అచ్చమ్మ గారిని అడుగుతున్నా. బాగానే ఉందమ్మా అంటున్నారు. అయినా నాకు భయం పోవట్లేదు. ఇంకేం చూడాలి?"

"టైమెంతయింది?" అంది భ్రమరాంబ గారు.

"రెండవుతోంది."

"అయితే ఇప్పుడే వెళ్ళు. ఏమీ అడక్కు. కాసేపు పక్కన కూర్చుని రా."

పది నిమిషాల దారి. గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే రమీజా మొహాన సెగ కొట్టింది. పై కిటికీ మూసే ఉంది. అచ్చమ్మ గారు కుర్చీలో ఒరిగిపోయి ఉంది, ఒంటి మీద చెమట చుక్క లేదు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది.

"అయ్యో, అమ్మమ్మా! ఇదేంటి!"

డాక్టరుకి ఫోను చేసింది. తువ్వాలు తడిపి మెడకీ చేతులకీ అద్దింది, నీళ్ళు గుక్కగుక్కగా తాగించింది. అప్పుడు లేచి గొలుసు లాగింది. లాగాక గుర్తొచ్చింది. ఈ పది రోజులూ గదిలోకి రాగానే తను చేసిన మొదటి పని ఇదే! గొలుసు లాగడం, నాలుగు కబుర్లు చెప్పడం, గాలి ఆడాక అప్పుడు "ఎలా ఉంది?" అని అడగడం. రమీజాకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"పగలు మీరు కిటికీ తెరుచుకోవట్లేదా అమ్మమ్మా?"

ముసలావిడ చెయ్యి ఎత్తబోయి, భుజం దగ్గరే ఆపేసింది. "పైకి లేవదే తల్లీ. పొద్దుగూకితే నువ్వొస్తావుగా. నాకేం, బాగానే ఉంది."

డాక్టరొచ్చి, గండం గడిచిందని చెప్పేదాకా రమీజా తువ్వాలు తడిపి అద్దుతూనే ఉంది. తిరిగొచ్చి గురువుగారి ముందు కూలబడింది.

"ఆ ఏడుగుర్నీ రేపు రావద్దని కబురు పెట్టాను మేడమ్. గొలుసు నా ఎత్తుకి పెట్టుకున్నాను. కుర్చీలో కూర్చున్నా ఒళ్ళోకి అందేలా దించేస్తాను. రేపు మళ్ళీ వెళ్ళి, ఇప్పుడెలా ఉందో అచ్చమ్మ గారినే అడిగి..."

భ్రమరాంబ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అడుగు తల్లీ. రేపు కూడా బాగానే ఉందంటుంది."