పడుకున్న ఎనిమిది

భావనారాయణ మాస్టారికి ఆకాశంలో తెలియని చుక్క లేదు. ఆయన కెమెరాలో మాత్రం ఒక్క చుక్కా చుక్కలా పడటం లేదు.

బాపట్ల కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. నలభై ఏళ్లుగా డాబా మీద టెలిస్కోపుతోనే కాపురం. కెమెరా కొని మాత్రం ఇంకా పది రోజులు కాలేదు. అదీ ఒక తోకచుక్క కోసం కొన్నారు.

ఆ తోకచుక్క వారం రోజులుగా తెల్లవారుజామున తూర్పున కనిపిస్తోంది. రోజురోజుకీ సూర్యుడికి దగ్గరవుతోంది. ఇంకొక్క ఉదయం కనిపించి ఆ వెలుగులో కలిసిపోతుంది. మళ్లీ రావాలంటే కొన్ని వేల ఏళ్లు పడుతుంది.

ఫొటో ఆయన కోసం కాదు, అక్క మాణిక్యాంబ కోసం. చిన్నప్పుడు చాప మీద పక్కన పడుకోబెట్టుకుని మొట్టమొదట వేగుచుక్కను చూపించింది ఆమే. తుంటి ఎముక విరిగి రెండు నెలలుగా మంచం దిగలేదు. ఆమె కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ. మాస్టారు రోజూ పొద్దున్నే గది గుమ్మంలో నిలబడి, ఆకాశం సంగతులు గబగబా చెప్పేసి, టెలిస్కోపు సర్దుకోవడానికి డాబా మీదికి వెళ్లిపోయేవారు. తోకచుక్కను ఫొటో తీసి తెస్తానని మాటిచ్చింది కూడా ఆ గుమ్మంలోంచే.

మూడు రోజులు వరసగా సూర్యలంక బీచికి వెళ్లొచ్చారు. మూడు రోజులూ దూదిపింజలే పడ్డాయి.

ఇక లాభం లేదని బజార్లో స్టూడియో నడిపే సుభానీ దగ్గరికి వెళ్లారు. సుభానీ ఒకప్పుడు ఈయన శిష్యుడే, ఇంటర్లో ఫిజిక్స్ తప్పినవాడు. కెమెరా కొన్నప్పటినుంచి మాస్టారు అతన్ని గురువుగారూ అంటున్నారు. అతను ఈయన్ని మాస్టారూ అనడం మానలేదు. వినేవాళ్లకి ఎవరు ఎవరికి గురువో తెలిసేది కాదు.

మాస్టారు ఫొటోలు చూపించి, అరగంటసేపు లెన్సు సూత్రం చెప్పారు. లెక్కలో ఎక్కడా తప్పు లేదన్నారు. సుభానీ వెనకటి క్లాసులో విన్నట్టే విన్నాడు, అంటే సగం కూడా వినలేదు. చివరికి, రేపు నేనూ వస్తానన్నాడు.

మర్నాడు నాలుగున్నరకి ఇద్దరూ ఇసుకలో నిలబడ్డారు. నీళ్ల మీద వేగుచుక్క వెలుగుతోంది. దాని పక్కనే, తోక పైకెత్తుకుని, తోకచుక్క. సుభానీ పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు తప్ప ఎరగడు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. మాస్టారు తొందరలో రెండుసార్లు తప్పి, మూడోసారికి కెమెరాను స్టాండుకి బిగించారు. అల వచ్చి పంట్లాము మోకాళ్లదాకా తడిపినా ఆయనకి తెలియలేదు.

తూర్పు తెల్లబడుతోంది. మహా ఉంటే పావుగంట.

మాస్టారు లెన్సు చుట్టూ ఉన్న ఫోకస్ రింగు పట్టుకుని, ఇంక తిరగనన్నదాకా తిప్పారు. కెమెరా వెనక తెర మీద వేగుచుక్క అప్పడమంత అయి కూర్చుంది.

"ఎందుకు మాస్టారూ, చివరిదాకా తిప్పారు?"

"ఎనిమిది కోట్ల మైళ్ల దూరం గురువుగారూ. చివరిదాకా తిప్పకపోతే అందుతుందా?"

సుభానీ జేబులోంచి చిన్న టార్చి తీసి రింగు మీద వేశాడు. అక్కడ అనంతం గుర్తు ఉంది, పడుకున్న ఎనిమిదంకె. మాస్టారు ముప్ఫై ఏళ్లకు పైగా బోర్డు మీద రాసిన గుర్తే. రింగు దాన్ని దాటి ఇంకా అవతలికి పోయి ఉంది.

సుభానీ బొటనవేలితో రింగుని వెంట్రుకవాసి వెనక్కి జరిపాడు. తెర మీద అప్పడం వడియమంత అయింది. ఇంకొంచెం జరిపాడు. ఆవగింజంత అయి, సూదిమొనలా మెరిసింది.

"మీరు అనంతం దాటిపోయారు మాస్టారూ. కాస్త వెనక్కి రావాలి."

మాస్టారు మీట నొక్కారు. కెమెరా కన్ను పది సెకన్లు తెరుచుకునే ఉంది. తెర మీద తోకచుక్క వచ్చింది. తలా తోకా అన్నీ ఉన్నాయి, తోకలో రెండు పాయలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆయన సుభానీని రెండు చేతులా వాటేసుకున్నారు. అరవై ఆరేళ్ల మనిషి, కళ్లనీళ్లు తుడుచుకోకుండా వెలుగు కమ్మేదాకా నలభై ఫొటోలు తీశారు. తోకచుక్క మెల్లగా కరిగిపోయింది.

దారి పొడుగునా స్కూటరు వెనక కూర్చుని మాట్లాడుతూనే ఉన్నారు.

ఇంటికి రాగానే అలాగే, తడి పంట్లాముతో, గది గుమ్మంలో నిలబడ్డారు. కెమెరా ఎత్తి చూపించారు.

"అక్కా, ఎనిమిది కోట్ల మైళ్ల అవతల..."

అని ఆగిపోయారు.

లోపలికి వచ్చారు. మందుసీసాలు పక్కకి జరిపి, మంచం మీద అక్క పక్కన కూర్చున్నారు. ఇద్దరికీ కనిపించేలా కెమెరా మధ్యలో పట్టుకున్నారు.

మాణిక్యాంబ చాలాసేపు చూసింది. వేలు ముందు వేగుచుక్క మీద పెట్టి, తరవాత దాని పక్కకి జరిపింది. తోక చివరిదాకా వేలితోనే నడిచింది.

పొద్దెక్కింది. ఆయన లేవలేదు.

"ఇవాళ డాబా మీద పనేం లేదుట్రా నీకు?" అంది.

"లేదక్కా."